గోడలో ఉన్న పదిహేడో పేజీ

ఒరేయ్ నా బంగారు పురుగూ,

ఇది నీకు ఉత్తరం కాదు. నువ్వు చదవవని నాకు తెలుసు. కానీ కాగితం మీద కలం పెడితే ఈ చేతికి ముందు నీ పిలుపే వస్తుంది, ఈ చేత కలం పట్టించినవాడివి నువ్వే కనక. రాశాను. ఇక కాస్త పక్కకు జరిగి కూర్చో. ఇప్పుడు నేను బతికున్నవాళ్ళతో మాట్లాడాలి.

కెంటకీ తూర్పు కొండల్లో కాటన్ లిక్ లోయలో ఉంటున్న నేను, ఓర్ఫా స్టాంపర్, చనిపోయిన ఆర్విల్ స్టాంపర్ భార్యను, వయసు అరవై నాలుగు, ఈ వీలునామా నా సొంత చేత్తో రాసుకుంటున్నాను. నా మతి సరిగానే ఉందని మొన్న గురువారం క్లినిక్కులో డాక్టరమ్మ చెప్పింది. గుండె మాత్రం సరిగా లేదంది. వీలునామాకు మతి ఉంటే చాలట, గుండె ఎలా ఉన్నా ఫరవాలేదట. పోస్టాఫీసు లూసిల్ నాకోసం కనుక్కుని వచ్చింది. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. ఎవరైనా చేసి ఉంటే ఎనిమిదేళ్ళ కిందటే రాసి ఉండేదాన్ని.

ఇందులో రాసినట్టు జరిపించే బాధ్యత నా కూతురు వెర్నాది. వెర్నా, చివరిదాకా చదవకుండా ఎవరికీ ఏమీ పంచకు. మధ్యలో నా మీద కోపం వస్తుంది. వచ్చినా చదువు.

ఒకటి.

ఇల్లు, బావి, కోళ్ళ పాక, వెనక ఉన్న నాలుగెకరాల కొండవాలు వెర్నాకు. ఇంట్లో సామాను కూడా, కింద విడిగా రాసినవి తప్ప.

నువ్వు వచ్చిన ప్రతిసారీ, "అమ్మా, ఈ జాడీల గది కొట్టించేస్తే వంటిల్లు ఎంత పెద్దదవుతుందో" అంటావు. నిజమే. ఇల్లంతా మీ అన్నయ్య డెల్మర్ చెక్క పలకలు వేయించాడు గానీ ఆ గది ఒక్కటి ముట్టుకోనివ్వలేదు. దాని నాలుగు గోడలకూ మా అత్తగారి నాటి నుంచి పాత పత్రికల కాగితాలే, పొర మీద పొర. చలికాలం పోగానే మైదా ఉడకేసి, ఎలుకలు కొరక్కుండా అందులో కారం కలిపి, ఆ ఏడాది దొరికిన కాగితాలు అంటించేవాళ్ళం. ఈ లోయలో ప్రతి ఇల్లూ అంతే. గాలి ఆగేది. దొరల ఇళ్ళ బొమ్మలు, టోపీల ఆడవాళ్ళు, నిగనిగలాడే కార్లు గోడనిండా ఉండేవి. వాటికింద ఉల్లిపాయలు వేలాడేవి.

ఇల్లు నీదే. కానీ ఆ గదిలో తూర్పు గోడ మీద, పీచ్ పండ్ల జాడీల అర వెనక, నడుమెత్తున, పశువుల దాణా కొట్టు క్యాలెండరు అంటించి ఉన్నంత మేర నీది కాదు. అది ఎవరిదో కింద రాస్తాను. అప్పటిదాకా సుత్తి ముట్టుకోకు.

రెండు.

వరండాలో ఊగుడు కుర్చీ నా ఆడపడుచు జెట్టీకి. ముప్పై ఏళ్ళుగా ఆవిడే అందులో కూర్చుంటోంది, నేను నిలబడి చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఇకనైనా తన ఇంటికి పట్టుకుపోయి కూర్చోవచ్చు.

జెట్టీ, మనం బడిలో ఉన్న ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే. నీకు గుర్తుండదు. నవ్వినవాళ్ళకు గుర్తుండదు. అప్పుడు నీకు పదేళ్ళు, నేను నీకు వదిననవుతానని నీకేం తెలుసు. క్షమించాను. కుర్చీ ఎడమ కాలు కొంచెం వదులుగా ఉంది. అది మాత్రం బాగుచేయించలేదు.

మూడు.

నా కొడుకు డెల్మర్ పాతికేళ్ళు కూడబెట్టిన పాత బొమ్మల పత్రికలు, మేడ మీద గదిలో నూట పన్నెండు పెట్టెలు, అన్నీ బ్లాక్‌వాటర్ ఊళ్ళో రంపాలు సానపట్టే క్లెటిస్ కాడిల్‌కు చెందాలి. ఒక్కటి కూడా ఆపకుండా.

వెర్నా, నువ్వు లేచి నిలబడి ఉంటావని తెలుసు. "అమ్మకు మతి పోయింది, ఆ దొంగకా?" అంటావు. కూర్చో. దొంగ ఎవరో ఇప్పుడే రాస్తున్నాను.

ముందు పత్రికల సంగతి. అవి కోతగాళ్ళ చేతికి పోకూడదు. కోతగాళ్ళంటే తెలుసుగా, పత్రిక కొనుక్కెళ్ళి, బ్లేడుతో బొమ్మలు కోసి, అద్దం బిగించి, ఒక్కోటీ విడివిడిగా అమ్ముకునేవాళ్ళు. లెక్సింగ్టన్ నుంచి అలాంటివాడొకడు అన్నయ్య పోయిన నెలకే నీ దగ్గరికి వచ్చాడు. నువ్వు వాడికి కాఫీ ఇచ్చావు. నేను చూశాను.

డెల్మర్ టపా బండి మీద నాలుగు లోయలు తిరిగేవాడు. ఏ ఇంట్లో ముసలావిడ పోయినా, అటక మీద కాగితాలుంటే పిల్లలు వాడికే కబురు పెట్టేవాళ్ళు. వాటిని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవాడు. చెయ్యి కడుక్కుని తుడుచుకుంటేనే గానీ ముట్టుకునేవాడు కాదు. చిరిగినచోట ఎవడైనా టేపు అంటించాడంటే, "వీడికి నరకంలో ఒంటినిండా ఇదే అంటిస్తారు" అని తిట్టేవాడు. అట్ట మీద చందాదారు పేరున్న చీటీ ఉంటే మిగతావాళ్ళకు అది మచ్చ, మావాడికి అదే ముచ్చట. ఆ పేరు పైకి చదివి, "అమ్మా, ఈవిడ ఇల్లు నా దారిలోనే ఉండేది, ఇప్పుడు పొయ్యి గొట్టం ఒక్కటే మిగిలింది" అనేవాడు.

ఆ పిచ్చి వాడికి మన గోడల నుంచే పట్టింది. అది నేను పట్టించిందే.

నాలుగు.

ఇక్కడ ఏది ఎవరికి ఇస్తున్నానో చెప్పేముందు, ఎందుకిస్తున్నానో చెప్పాలి. ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచి కోళ్ళకు మేత వేసి వచ్చాను. కోళ్ళకు ఇక ఆకలి లేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1931 వసంతంలో, న్యూయార్క్ నుంచి బొమ్మలు వేసే ఆయన ఒకాయన మిషను బడికి వచ్చి రెండు వారాలున్నాడు. మా ఇంటికి వచ్చి, కాగితాల గోడ ముందు నన్ను నిలబెట్టి బొమ్మ వేశాడు. కదలకుండా నిలబడినందుకు ఒక నారింజ పండు ఇచ్చాడు. అలాంటిది నేనెప్పుడూ తినలేదు. ఆ పూటంతా నా అంత గొప్పది ఈ లోయలో లేదనుకున్నాను.

శీతాకాలం ముందు ఆ బొమ్మ పత్రికలో వచ్చింది. వీక్లీ లాంటర్న్, నవంబరు పద్నాలుగు, పదిహేడో పేజీ. మా టీచరమ్మ సంబరంగా తెచ్చి తరగతిలో పైకి పట్టుకుని చూపించింది. బొమ్మ కింద రాసింది గట్టిగా చదివింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. ఈ పిల్ల వెనక గోడ మీద పదివేల అక్షరాలున్నాయి, పిల్లకు వాటిలో ఒక్కటీ రాదు, నారింజ ఇస్తే తొక్కతో సహా తినేసింది. అంతే. ముందు జెట్టీ నవ్వింది, తర్వాత అందరూ. టీచరమ్మ చెడ్డది కాదు, చదవడం మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు.

మర్నాటి నుంచి నేను బడికి వెళ్ళలేదు. మా అమ్మ కొట్టినా వెళ్ళలేదు. అందుకే ఆ కింద రాసినమాట నిజమైపోయింది.

ఆర్విల్‌కు తెలియదు, నాకు చదువు రాదని. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని పెదాలు కదిపేదాన్ని. తెలుసుకున్నది డెల్మర్. వాడికి ఆరేళ్ళు, జాడీల గదిలో గోడ మీద అక్షరాలు కూడబలుక్కుంటుంటే, "బాగా చదివావురా, ఇప్పుడు ఇది చదువు" అని వేలు పెట్టాను. వాడు నావంక చూశాడు. నేను వేలు పెట్టిన కాగితం తలకిందులుగా అంటించి ఉంది. మర్నాడు బడి నుంచి వచ్చి, "అమ్మా, రోజూ నేనే చదువుతున్నా, ఇవాళ నీ వంతు" అన్నాడు. రెండు శీతాకాలాలు. ఉల్లిపాయల కింద కూర్చుని సబ్బు ప్రకటనలు, సూప్ ప్రకటనలు, టైర్ల ప్రకటనలు చదివాం. వాళ్ళ నాన్నకు గానీ, వెర్నాకు గానీ, బడిలో గానీ ఒక్క ముక్క చెప్పలేదు వాడు. నలభై ఏళ్ళు వచ్చినా చెప్పలేదు. నా గుట్టు నా బిడ్డ అలా దాచాడు. వాడి నెత్తిన నేనేం పెట్టానో చూడండి.

నా బొమ్మ పత్రికలో వచ్చిందన్న సంగతి వాడికి జెట్టీ చెప్పింది, ఏదో పెళ్ళి విందులో. తొమ్మిదేళ్ళప్పటి బొమ్మ లాంటర్న్‌లో ఉందని మాత్రమే చెప్పింది. ఇక వాడు ఆ సంచిక కోసం వెతకని చోటు లేదు. "అమ్మా, నిన్ను దొరకబుచ్చుకుంటా చూడు" అనేవాడు. ఆ సంచికలు ఎలుకలు తిని ఉంటాయిలే అని నేను గుండె మీద చెయ్యి వేసుకుని ఉన్నాను.

1978 సెప్టెంబరులో దొరికింది. తెచ్చిపెట్టింది క్లెటిస్ కాడిల్. అప్పట్లో ఆయనకు కొట్టులో ఒకవైపు రంపాలు, ఒకవైపు పాత పత్రికలు. మా చర్చివాడే, నాకు అన్న వరస. డెల్మర్ ఆయన్ని మామా అనేవాడు. ఇద్దరూ ఒక పత్రిక ముందు పెట్టుకుంటే పక్కన బొగ్గు గని పేలినా వినపడనట్టు ఉండేవాళ్ళు.

క్లెటిస్ ఏ పత్రిక అమ్మినా పేజీలు లెక్కపెట్టి, పెన్సిలుతో చిన్న చీటీ రాసి లోపల పెట్టేవాడు. దీనిలోనూ పెట్టాడు. "అరవై ఎనిమిది పేజీలు. లెక్కపెట్టాను. పూర్తి." కింద సంతకం. కొనేవాడు అక్కడే మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు, పరాయివాళ్ళు లెక్కపెట్టుకుంటారు కూడా. స్నేహితులు లెక్కపెట్టరు. స్నేహితుడి ఎదుట లెక్కపెట్టడమంటే మొహాన ఉమ్మినట్టే వాళ్ళ లోకంలో. అందుకే డెల్మర్ తెరవకుండానే కాగితంలో చుట్టించుకుని వచ్చేశాడు.

శనివారం మధ్యాహ్నం తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు తెరవనమ్మా. రేపు చర్చి అయ్యాక భోజనాలప్పుడు అందరి ముందూ తెరుస్తా. పాస్టరుగారు వస్తారు, జెట్టీ అత్త వస్తుంది. నేను చదువుతా, నువ్వు విను" అని నవ్వి, చర్చి కప్పు రేకులు బిగించడానికి వెళ్ళాడు.

నేను చదువుతా, నువ్వు విను. ఆ ఒక్క మాట. అరవైకి దగ్గరపడ్డ దాన్ని, ఆ మాటతో మళ్ళీ తొమ్మిదేళ్ళదాన్నయిపోయాను. తరగతి గది, టీచరమ్మ ఎత్తి పట్టుకున్న చెయ్యి, జెట్టీ పళ్ళు. నా కొడుకు నోటి వెంట ఆ మాటలు నేను వినలేననుకున్నాను.

వెన్న పూసే చాకు తీశాను. ఆ పత్రికలు మధ్యలో రెండు పిన్నులతో కుట్టి ఉంటాయి. పిన్నులు పైకి లేపి, పదిహేడో పేజీ ఉన్న కాగితం మొత్తం లాగేశాను. ఒకటే పెద్ద కాగితం మధ్యకు మడిచి ఉంటుంది కనక అటు చివర యాభై ఒకటీ యాభై రెండూ కూడా దాంతోనే వచ్చాయి. పిన్నులు మళ్ళీ గరిటె వెనకవైపుతో నొక్కాను. బొమ్మను చూడలేదు. ఒట్టు. పొయ్యిలో పెడదామని వెళ్ళి, పెట్టలేకపోయాను. వాడు కాగితాన్ని ఎలా చూసుకుంటాడో చూసినదాన్ని, కాల్చడానికి చెయ్యి రాలేదు. మైదా ఉడకేశాను. కారం కూడా కలిపాను, అలవాటు. జాడీల గదిలో తూర్పు గోడకు, బొమ్మ ఉన్న వైపు గోడలోకి తిప్పి అంటించేశాను. దాని మీద క్యాలెండరు అంటించాను. వాడు నాకు అక్షరాలు నేర్పిన గోడకే.

ఆదివారం భోజనాలయ్యాయి. డెల్మర్ చెయ్యి కడుక్కున్నాడు, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాడు, ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. పదహారు. పంతొమ్మిది. మళ్ళీ వెనక్కి. పదహారు. పంతొమ్మిది. జెట్టీ కుర్చీలోంచి, "ఏరా, మీ అమ్మ పుస్తకంలోంచి కూడా పారిపోయిందా?" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. డెల్మర్ నవ్వలేదు. పిన్నుల దగ్గర వేలితో తడిమి, "తుప్పు గీరుకుపోయి మెరుస్తోంది. ఇది ఈ వారంలో లేపిన పిన్ను" అన్నాడు. తర్వాత లోపలున్న చీటీ తీసి చూశాడు. ఆఖర్న, "మామ చీటీ రాశాడే, పూర్తి అని" అన్నాడు.

అక్కడే చెప్పి ఉండాల్సింది. పాస్టరుగారి ముందు చెప్పలేకపోయాను. ఆయన వెళ్ళాక జెట్టీ ముందు చెప్పలేకపోయాను. జెట్టీ వెళ్ళాక వాడి మొహం చూసి చెప్పలేకపోయాను. ఒక రోజు దాటిన అబద్ధానికి పళ్ళొస్తాయి.

సోమవారం వాడు క్లెటిస్ దగ్గరికి వెళ్ళాడు. కోతగాళ్ళకు ఆ బొమ్మ విడిగా అమ్ముకున్నావా అని అడిగాడట. మూడు వారాలకు, అక్టోబరు మొదటి శనివారం, హైస్కూలు జిమ్‌లో ఏటా జరిగే కాగితాల సంతలో, నాలుగు కౌంటీల అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఉండగా నా కొడుకు బెంచీ ఎక్కి నిలబడ్డాడు. "కాడిల్ దగ్గర కొనేవాళ్ళు పేజీలు లెక్కపెట్టుకోండి" అన్నాడు. మామా అనలేదు. కాడిల్ అన్నాడు. నేను ఆపిల్ పైలు అమ్మే బల్ల వెనక ఉన్నాను.

క్లెటిస్ అరవలేదు. "నేను లెక్కపెట్టాను డెల్మర్. అరవై ఎనిమిది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చెల్లెమ్మా, నువ్వైనా చెప్పు. నేను అలాంటివాణ్ణా?" అన్నాడు.

నేను ఆపిల్ పైలను ముక్కలు కోస్తూ ఉండిపోయాను.

ఆ ఏడాది తర్వాత ఆయన ఆ సంతలో బల్ల వేయలేదు. కొట్టులో పత్రికలున్న వైపు ఖాళీ అయిపోయింది, రంపాలు మిగిలాయి. ముప్పై ఏళ్ళ మంచి పేరు, నా వెన్న చాకు మొనతో పోయింది.

1984 ఫిబ్రవరిలో డెల్మర్‌కు జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. ఏడో రోజు కాస్త తేరుకున్నట్టు అనిపించింది, చికెన్ సూపు పట్టుకెళ్ళాను. వాడు కళ్ళు తెరిచి, "అమ్మా, మామ అలాంటివాడు కాదు కదా?" అన్నాడు. మళ్ళీ మామ అన్నాడు. ఆరేళ్ళ తర్వాత.

గదిలో ఎవరూ లేరు. నర్సు కూడా లేదు. నేను, "సూపు చల్లారిపోతోంది, తిను నాన్నా" అన్నాను.

వాడు తిన్నాడు. నాలుగు చెంచాలు. అడిగిన మాట మళ్ళీ అడగలేదు. రెండు రోజులకు పోయాడు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది నా బతుకులో ఇంకేమీ లేదు. పోయినవాడికి చెప్పుకోవచ్చని పాస్టరుగారు అంటారు. రోజూ చెబుతున్నాను. గోడకు చెప్పినట్టే ఉంది.

కాబట్టి ఈ నాలుగో అంశం కింద: తూర్పు గోడ మీద ఆ క్యాలెండరూ, దాని కింద ఉన్న కాగితమూ, క్లెటిస్ అన్నా, నీవి. నేను తీస్తే చిరుగుతుంది. మైదా జిగురు గోరువెచ్చని నీళ్ళకు లొంగుతుందని, తడిగుడ్డ పెట్టి ఓపిక పట్టాలని నువ్వే డెల్మర్‌కు చెప్పావు, నేను విన్నాను. కారం కలిపాను, కళ్ళు జాగ్రత్త. ఆ సంచిక డెల్మర్ బల్ల సొరుగులో ఉంది, నీ చీటీ ఇంకా అందులోనే ఉంది. కాగితం దాని చోట పెట్టు. లెక్కపెట్టు. నువ్వు రాసింది నిజమే అవుతుంది.

బొమ్మ కింద ఏం రాసి ఉందో నాకు నిజంగా తెలియదు. నేను విన్నానంతే, నా కళ్ళతో చదవలేదు. చెడ్డగా ఉంటే ఉండనీ.

అయిదు.

డెల్మర్ పోయాక వాడి పనిముట్ల గదిలో ఒక పెట్టె దొరికింది. అక్రోటు చెక్క, వెడల్పుగా, వేలెడు లోతు, పైన అద్దం మూత. ఫ్రేమనుకున్నాను మొదట. ఫ్రేము కాదు. పత్రికను కోయకుండా, తెరిచిన పేజీ పైకి కనబడేట్టు, పూర్తిగా అందులో పడుకోబెట్టడానికి చేశాడు. తల్లి బొమ్మ కోసమైనా ఒక్క కాగితం విడదీయడానికి వాడికి మనసొప్పలేదు. వెనక పెన్సిలుతో రాసుంది: "అమ్మ. తొమ్మిదేళ్ళు. చదువు నేర్చుకున్న గోడకు పెట్టాలి."

వాడు నన్ను నవ్వులపాలు చేయబోలేదు. అది చదివి ఆ పనిముట్ల గదిలో నేల మీద కూర్చుండిపోయాను.

ఆ పెట్టె వెర్నాకు. క్లెటిస్ ఆ పత్రిక నీకు ఇస్తే అందులో పెట్టుకో. ఇవ్వకపోతే ఖాళీగా ఉంచుకో. అడగకు.

ఆరు.

నల్ల ఇనుప కుండ, మూతతో సహా, క్లెటిస్ కాడిల్‌కు తిరిగి ఇవ్వాలి. అది ఆయనదే. డెల్మర్‌ను పూడ్చిన రోజు ఆయన చర్చి లోపలికి రాలేదు, బయట కంచె దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను చూసీ పిలవలేదు. మేం ఇంటికొచ్చేసరికి వరండా మెట్ల మీద ఈ కుండ ఉంది, దాన్నిండా ఉడికించిన చిక్కుడు గింజలు, పంది మాంసం ముక్క వేసి, ఇంకా వెచ్చగా. ఎవరు పెట్టారో అందరికీ తెలుసు. వెర్నా పారబోయమంది. ఆ వారమంతా నేను అవే తిన్నాను. కుండ తోమి పెట్టాను, తిరిగి ఇవ్వడానికి ఆయన గడప తొక్కే మొహం లేదు.

ఏడు.

వెర్నా, నేను పోయాక వచ్చే అక్టోబరు మొదటి శనివారం, కాగితాల సంతలో, నాలుగో అంశం మొదటినుంచి చివరిదాకా నువ్వు పైకి చదవాలి. మీ అన్నయ్య ఎక్కిన బెంచీయే ఎక్కి చదవాలి. చదవకపోతే ఇల్లు నీకు కాదు, చర్చికి. ఇది బెదిరింపు అనుకున్నా సరే.

ఎనిమిది.

ఏడోది రాసి కలం కింద పెట్టాను. టీ పెట్టుకున్నాను. తాగుతుంటే ఒక సంగతి తోచింది, అంతకు ముందు ఎందుకు తోచలేదో తెలియదు. వీలునామా తెరిచేది నేను పోయాక. క్లెటిస్‌కు డెబ్బై ఒకటి. నాకంటే ఏడేళ్ళు పెద్ద. పోయిన చలికాలం కర్ర పట్టుకుని నడిచాడని లూసిల్ చెప్పింది. ఆయన ముందు పోతే? ఈ కాగితం ఎవరికోసం? దొంగ అన్న పేరుతోనే ఆయన్ని పూడుస్తారు, నేను మళ్ళీ కంచె ఇవతల నిలబడి చూస్తాను.

చచ్చాక చెప్పుకునే నిజం, చెప్పినట్టు కాదు. అది కూడా ఇంకోసారి గోడలోకి తిప్పి అంటించినట్టే.

కాబట్టి ఏడో అంశం కొట్టేస్తున్నాను. వెర్నా, ఇల్లు నీదే, షరతు లేదు. వచ్చే శనివారం అక్టోబరు నాలుగు. సంత ఆ రోజే. సాక్షి సంతకం పెట్టడానికి సాయంత్రం లూసిల్ వస్తుంది, శనివారం నన్ను తన కారులో తీసుకెళ్ళమని అడుగుతాను. ముందు బ్లాక్‌వాటర్‌లో ఆగి కుండ ఇచ్చి, క్లెటిస్ అన్నను ఎక్కించుకుంటాం, ఆయన ఎక్కితే. ఎక్కకపోయినా వెళ్తాను. బెంచీ ఎక్కలేను, మోకాళ్ళు పనిచేయవు, కింద నిలబడి చదువుతాను. నాలుగో అంశం మొత్తం, నా నోటితో. జెట్టీ వచ్చి నవ్వాలనుకుంటే రావచ్చు. నాకు చదవడం వచ్చని అందరూ వింటారు. ఏం చదివానో కూడా వింటారు.

దారిలో గుండె ఆగిపోతే, మిగతాది ఈ కాగితం చూసుకుంటుంది. అందుకే ఇవాళే సంతకం పెడుతున్నాను.

వెన్న చాకు ఎవరికీ ఇవ్వడం లేదు. ఉదయం వాగులో పడేశాను.

పైన రాసిందంతా నేను తెలిసి, ఇష్టపడి రాసింది. తప్పులుంటే అక్షరాలవి. డెల్మర్ ఉంటే దిద్దేవాడు.

తేదీ: 1986 సెప్టెంబరు 30, మంగళవారం.

సంతకం: ఓర్ఫా స్టాంపర్

సాక్షులు:
1. లూసిల్ ఇసన్, పోస్టుమిస్ట్రెస్, కాటన్ లిక్
2. హోబర్ట్ బెంట్లీ, పాస్టరు, కాటన్ లిక్ చర్చి

సాక్షులు సంతకాలు పెట్టాక కింద కొంచెం జాగా మిగిలింది, అందుకని ఇది. క్లెటిస్ అన్నా, నేను శనివారం వచ్చేటప్పటికి కుండ ఖాళీగా ఉండదు. నామీద కోపం తర్వాత చూపించు. నన్ను గడప బయటే నిలబెట్టినా సరే, ముందు కూర్చుని, వేడిగా ఉండగానే కడుపునిండా తిను.